కారులో నాలుగు రకాల ఫోన్లు, ఒకటే సాకెట్: ఏ ఛార్జర్ కొనాలి?

బురుజు పక్కనే (కర్నూలు)

అందరికీ నమస్కారం. మాది పాత హ్యాచ్‌బ్యాక్ కారు. గేరు ముందు సిగరెట్ లైటర్ సాకెట్ ఒకటి, మ్యూజిక్ సిస్టమ్‌కు యూఎస్‌బీ పోర్టు ఒకటి, అంతకు మించి ఏమీ లేవు. తరచూ బెంగళూరు వెళ్లివస్తుంటాం. ఇంట్లో నలుగురం, నాలుగు ఫోన్లు, ఒకదానికీ మరొకదానికీ పొత్తు లేదు. నాది గెలాక్సీ ఎస్23, మా ఆవిడది ఐఫోన్ 13, అబ్బాయిది వన్‌ప్లస్ నార్డ్ సీఈ 3 లైట్, మా నాన్నగారిది రెడ్‌మీ 9ఏ.

మ్యూజిక్ సిస్టమ్ పోర్టుకు తగిలించి మ్యాప్ పెట్టుకుంటే ఛార్జింగ్ గుర్తు కనబడుతూనే ఉంటుంది, శాతం మాత్రం తగ్గుతూ ఉంటుంది. గుత్తి దాటేసరికి బయలుదేరినప్పటికంటే తక్కువ! సాకెట్‌లో పెట్టడానికి ఒక అంగడిలో ఇచ్చిన ఛార్జర్ మీద 3.1 ఆంపియర్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. రెండు ఫోన్లు పెడితే రెండూ నీరసంగానే ఎక్కుతున్నాయి. 100 వాట్లది కొంటే పీడ వదులుతుందని ఒకరు, అంత పెడితే ఫోను మాడిపోతుందని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

గుత్తికోట (అనంతపురం)

ఇద్దరి మాటా వినకండి. 100 వాట్ల ఛార్జర్ పెట్టినంత మాత్రాన ఫోను మాడదు. ఫోను ఎంత అడిగితే ఛార్జర్ అంతే ఇస్తుంది. అలాగని 100 వాట్లూ ఫోనులోకి పోతాయనుకోవడమూ పొరపాటే. మీ ఎస్23 అడిగేదే గరిష్ఠంగా 25 వాట్లు.

ముందు మ్యూజిక్ సిస్టమ్ సంగతి. అది పెన్‌డ్రైవ్‌లో పాటలు చదవడానికి పెట్టిన పోర్టు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం అలాంటి పోర్టు ఇచ్చేది 5 వోల్టుల వద్ద 0.5 ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. మధ్యాహ్నం ఎండలో తెర పూర్తి వెలుగుతో, జీపీఎస్, మొబైల్ డేటా అన్నీ నడుస్తుంటే ఫోను వాడకమే అంతకు మించిపోతుంది. ఛార్జింగ్ అవుతూనే శాతం తగ్గడంలో వింతేమీ లేదు.

ఇక ఆ 3.1 ఆంపియర్లు. అది రెండు పోర్టులకూ కలిపి చెప్పిన లెక్క. 5 వోల్టులతో హెచ్చిస్తే మొత్తం పదిహేనున్నర వాట్లు, ఇద్దరు పంచుకోవాలి. అదీ చీటీ మీద రాసింది నిజమైతే. పైగా అలాంటి ఛార్జర్‌కు 5 వోల్టులు తప్ప వేరే వోల్టేజీ తెలియదు. ఇప్పటి ఫోన్లు వేగంగా ఎక్కాలంటే 9 వోల్టులో, ఇంకొకటో కావాలి. తగిలించగానే ఫోనూ ఛార్జరూ కేబుల్ గుండా మాట్లాడుకుని ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని సంతలో బేరంలా తేల్చుకుంటాయి. ఇద్దరికీ తెలిసిన భాష లేకపోతే బేరం 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మీరు అడగాల్సింది ఎన్ని వాట్లు అని కాదు, ఏ భాష అని.

అంగడి కడప (కడప)

గుత్తికోట గారు సరిగ్గా చెప్పారు. నేను ఏడురోడ్ల దగ్గర మొబైల్ సామాన్లు అమ్ముతాను. అంగడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాట్లే అడుగుతారు, ఫోను ఏదో చెప్పరు. మీరు నాలుగు ఫోన్ల పేర్లూ చెప్పారు కాబట్టి వరసగా చెబుతాను.

ఎస్23కి కావాల్సింది పీడీ, దానితోపాటు పీపీఎస్. పీడీ అంటే పవర్ డెలివరీ, టైప్-సి పోర్టుల ఉమ్మడి భాష. ఇది 5, 9, 15, 20 వోల్టుల మెట్లలో నడుస్తుంది. దానికే చేర్పు పీపీఎస్ (ప్రోగ్రామబుల్ పవర్ సప్లై). అది వచ్చాక ఫోను ఎప్పటికప్పుడు 20 మిల్లీవోల్టుల తేడాతో కావాల్సిన వోల్టేజీని అడిగి తీసుకోగలుగుతోంది. శాంసంగ్ వాళ్ల 25 వాట్ల 'సూపర్ ఫాస్ట్' దీనిమీదే ఆధారపడింది. పీపీఎస్ లేని 65 వాట్ల ఛార్జర్ పెట్టినా అది మామూలు 'ఫాస్ట్' దగ్గరే ఆగుతుంది. పీపీఎస్ ఉన్న 30 వాట్లది పెడితే సూపర్ ఫాస్ట్ వస్తుంది. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు, ఎక్కువ వాట్లదే ఇవ్వమంటారు. మనం ఇచ్చేస్తాం, మళ్లీ మన దగ్గరికే వస్తారు.

డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. 'అవుట్‌పుట్' అన్న చోట 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 3 ఆంపియర్లు అని వరసగా ఉంటాయి. వాటి తర్వాత 3.3-11 వోల్టులు అన్నట్టు ఒక పరిధి కనిపిస్తే అది పీపీఎస్. విడి అంకెలే ఉండి పరిధి లేకపోతే పీపీఎస్ లేనట్టే. ముందువైపు ఎంత మెరుపు ఉన్నా లెక్కలోకి రాదు.

ఐఫోన్ 13కి పీడీ చాలు, పీపీఎస్ అక్కర్లేదు. ఐఫోన్ 8 నుంచీ, అంటే 2017 నుంచీ, ఇదే తీరు. 20 వాట్ల పీడీ ఉంటే అరగంటలో సగం ఎక్కుతుందని ఆపిల్ చెప్పే మాట ఆచరణలోనూ దాదాపు నిజమే. కానీ దానికి టైప్-సి నుంచి లైట్నింగ్‌కు, అంటే ఈ ఐఫోన్‌కు ఉండే పోర్టుకు, వెళ్లే కేబుల్ కావాలి. పాత వెడల్పు యూఎస్‌బీ-ఎ కేబుల్‌తో పెడితే 12 వాట్లు దాటదు. క్విక్ ఛార్జ్ అనేది క్వాల్‌కామ్ వాళ్ల వేగపు ఛార్జింగ్ భాష, దాన్ని ఐఫోన్ అసలు పట్టించుకోదు. 2023లో ఐఫోన్ 15 వచ్చాకే లైట్నింగ్ బాధ తప్పింది.

రెడ్‌మీ 9ఏ పాపం దేనికీ పేచీ పెట్టదు. 5 వోల్టులు 2 ఆంపియర్లు, మైక్రో యూఎస్‌బీ. ఏ పోర్టైనా సరే.

చిక్కంతా వన్‌ప్లస్‌తోనే. అది సూపర్‌వూక్ అనే సొంత వేగపు ఛార్జింగ్ భాష మాట్లాడే కుటుంబం. ఒప్పో, రియల్‌మీ కూడా అదే కొమ్మ. మీ అబ్బాయి ఫోను 67 వాట్లు తీసుకునేది ఆ కుటుంబపు ఛార్జర్, ఆ కుటుంబపు కేబుల్ రెండూ ఉన్నప్పుడే. వేరే ఛార్జర్‌తో ఈ కుటుంబంలోని చాలా ఫోన్లు 10 నుంచి 18 వాట్ల మధ్య నిలబడతాయి. ఎక్కదని కాదు, మెల్లగా ఎక్కుతుంది.

వేగమే ప్రాణం (ప్రొద్దుటూరు)

ఆ 'మెల్లగా' అన్న మాటతోనే నాకు పేచీ. నాదీ వన్‌ప్లసే. ఇంట్లో ముప్పావుగంటలో నిండే ఫోను కారులో గంటన్నరైనా నిండకపోతే ఎట్లా? ఆ కంపెనీయే 80 వాట్ల సూపర్‌వూక్ కారు ఛార్జర్ అమ్ముతోంది కదా, అదే తీసుకోమనండి. మిగిలినవాళ్లు సర్దుకుంటారు.

గుత్తికోట (అనంతపురం)

తమ్ముడూ, ఆ ఛార్జర్ మంచిదే, కాదనను. కానీ ప్రశ్న అడిగినాయన కారులో నలుగురున్నారు. ఒక్క ఫోను కోసం కొన్న ఛార్జర్ మిగతా మూడింటికీ ఏ వేగంతో ఇస్తుందో దాని డబ్బా మీద చూసి కొనాలి.

సూపర్‌వూక్‌కు సొంత కేబుల్ ఎందుకో కూడా చెబుతాను. ఈ కుటుంబం మొదటి నుంచీ వోల్టేజీ కంటే కరెంటును పెంచే దారి పట్టింది. వన్‌ప్లస్ పాత డ్యాష్ ఛార్జింగ్ 5 వోల్టుల వద్దే 4 ఆంపియర్లు పంపేది. 65 వాట్లకు వచ్చేసరికి 10 వోల్టులు, ఆరున్నర ఆంపియర్లు అయింది. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లకే చేసినది. లోపల గుర్తింపు చిప్ ఉన్న కేబుల్ అయినా 5 దాటకూడదు. ఆరు, ఏడు ఆంపియర్లు మోయాలంటే లావుపాటి తీగలున్న కేబుల్ కావాలి, ఆ కేబులే అని ఛార్జర్‌కు నమ్మకం కుదరాలి. లేకపోతే అది వేగం పెంచదు. పెంచకపోవడమే మంచిది కూడా.

ఇంకో మాట. కారులో ఛార్జింగ్‌కు అంత తొందర దేనికి? కర్నూలు నుంచి బెంగళూరు దాదాపు 360 కిలోమీటర్లు. ఆ దారిలో 18 వాట్లతో పెట్టినా పెనుకొండ రాకముందే ఫోను నిండుతుంది. అరగంటలో దిగిపోయేవాడికి వేగం కావాలి, ఆరు గంటలు కూర్చునేవాడికి కాదు.

వేగమే ప్రాణం (ప్రొద్దుటూరు)

నేను ప్రొద్దుటూరు నుంచి మైదుకూరుకు పోయి వస్తుంటాను. అరగంట ప్రయాణమే. నాకు వేగమే కావాలి.

గుత్తికోట (అనంతపురం)

అయితే మీకు అదే సరైనది. ఆయనకు కాదు.

దేవుని కడప (కడప)

నేను అద్దె కారు నడుపుతాను, ఎక్కువగా తిరుపతి, రాయచోటి వైపు. ఎక్కినవాళ్లు మొదట అడిగేది 'అన్నా, ఛార్జర్ ఉందా' అనే. అందుకని మూడు తలల కేబుల్ ఒకటి పెట్టుకున్నాను: టైప్-సి, లైట్నింగ్, మైక్రో. అందరికీ సరిపోతుంది గానీ ఎవరికీ వేగంగా ఎక్కదు. కారణం ఏమిటి?

రెండో సంగతి, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మలుపు మలుపుకూ ఛార్జర్ వదులై 'టింగ్' మని ఛార్జింగ్ తెగిపోతుంది, మళ్లీ తగులుతుంది. పాలకోవా అంగళ్ల దగ్గర ఆపి దాన్ని లోపలికి నొక్కుకోవాల్సి వస్తోంది.

అంగడి కడప (కడప)

అన్నా, మూడు తలల కేబుల్ వెనక వైపు చూడండి, వెడల్పు యూఎస్‌బీ-ఎ ఉంటుంది. పీడీ బేరం టైప్-సి నుంచి టైప్-సికి, లేదా టైప్-సి నుంచి లైట్నింగ్‌కు వెళ్లే కేబుల్‌లోనే జరుగుతుంది. ఒకే తీగకు మూడు తలలు పెట్టినచోట ఏ ఫోను ఏం అడుగుతోందో ఛార్జర్‌కు తెలిసే దారి లేదు. అందుకని 5 వోల్టులే. మీ పనికి అది ఉండనివ్వండి, కానీ సొంత ఫోనుకు విడిగా మంచి కేబుల్ పెట్టుకోండి.

ఘాట్‌లో వదులవడం ఛార్జర్ తయారీ లోపం. సాకెట్ లోపల అడుగున ఉన్న గుండీ ప్లస్, చుట్టూ ఉన్న గోడ మైనస్. ఛార్జర్ ముక్కు దగ్గర స్ప్రింగు గుండీని నొక్కాలి, పక్కన ఉన్న రేకు చెవులు గోడను గట్టిగా పట్టుకోవాలి. చవక రకాల్లో ఆ చెవులు నాలుగు రోజులకే అణగిపోతాయి. కొనేటప్పుడు వేలితో నొక్కి చూడండి, గట్టిగా తిరిగి లేవాలి. వదులుగా తగిలిన చోట నిప్పురవ్వలు లేస్తాయి, వేడి పుడుతుంది. తీసి ముట్టుకుంటే ముక్కు చురుక్కుమందంటే ఆ ఛార్జర్‌ను అక్కడే వదిలేయండి. బయటికి పొడుచుకు రాకుండా సాకెట్‌తో సమంగా కూర్చునే పొట్టి రకాలు ఘాట్లలో తక్కువ ఊగుతాయి. అయితే వాటిని బయటికి లాగడానికి పట్టు దొరకదు, అదొక తలనొప్పి.

పత్తి బండి (ఆదోని)

నాది లారీ. ఆదోని నుంచి పత్తి వేసుకుని పోతాను. కారు ఛార్జరే లారీలో పెడితే పనికొస్తుందా? మా క్లీనర్ పెట్టినది పొగ వచ్చి పోయింది.

గుత్తికోట (అనంతపురం)

లారీల్లో సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి, అంటే 24 వోల్టులు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 28 దాకా వెళుతుంది. కారులో అది 14 చుట్టూ ఉంటుంది. ఛార్జర్ మీద 'ఇన్‌పుట్' అన్న చోట 12-24 వోల్టులు అని ఉంటేనే లారీలో పెట్టండి. 12 మాత్రమే ఉంటే మీ క్లీనర్‌కు జరిగినదే జరుగుతుంది. అంగడిలో మాటతో సరిపెట్టుకోకుండా మీరే చదవండి.

నల్లమల నీడ (నంద్యాల)

ఇంతసేపూ వాట్ల గురించే మాట్లాడుతున్నారు, ఎండ గురించి ఒక్కరూ ఎత్తలేదు. మన వైపు మే నెలలో బయటే 43, 44 డిగ్రీలు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో ఎంత ఉంటుందో స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు తెలుసు. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని, ఆపి ఉన్న కారులో వదిలేయవద్దని ఆపిల్ స్వయంగా చెబుతోంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదన్నది మామూలు కట్టుబాటు. మీ ఫోను ముందు అద్దం దగ్గర డాష్‌బోర్డు మీద, నేరుగా ఎండ కింద, మ్యాప్ నడుపుతూ, పైగా వేగంగా ఛార్జ్ అవుతూ ఉంటే ఆ హద్దుకు చేరడం ఎంతసేపు?

అప్పుడు ఫోను ఏం చేస్తుందంటే తనంతట తానే ఛార్జింగ్ తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. తెర వెలుగు కూడా తగ్గిస్తుంది. మీరేమో ఛార్జర్ పాడైందనుకుంటారు. మా ఇంట్లో అందుకే ఫోను స్టాండును అద్దం మీంచి తీసేసి ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించాం. అదే ఛార్జర్, అదే కేబుల్, ఇప్పుడు ఆగకుండా ఎక్కుతోంది. వేసవిలో మాత్రం 15 వాట్లు, 67 వాట్లు అన్న వాదన నాకు దండగ అనిపిస్తుంది.

బురుజు పక్కనే (కర్నూలు)

మేడమ్, ఇది నాకు తట్టనే లేదు. మా స్టాండు అద్దం మీదే ఉంది. వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న స్టాండ్లు ఉన్నాయి కదా, వాటితో కేబుల్ గొడవ తప్పుతుందా?

నల్లమల నీడ (నంద్యాల)

తప్పుతుంది, వేడి పెరుగుతుంది. వైర్‌లెస్‌లో కొంత కరెంటు వేడిగానే పోతుంది, అదీ ఫోను వీపు మీదే. డిసెంబరులో వాడుకోవచ్చు. పైగా మీ వన్‌ప్లస్‌కూ రెడ్‌మీకీ వైర్‌లెస్ ఛార్జింగ్ లేదు.

కియా పక్కూరు (పెనుకొండ)

నాకొక సందేహం. నా కారులో తెర ఉంది, ఫోను వైరుతో తగిలిస్తేనే ఆండ్రాయిడ్ ఆటో వస్తుంది. ఛార్జర్‌కు తగిలిస్తే మ్యాప్ తెర మీదికి రాదు, తెరకు తగిలిస్తే ఛార్జింగ్ నీరసం. రెండూ కావాలంటే ఏం చేయాలి?

గుత్తికోట (అనంతపురం)

ఛార్జర్‌లో డేటా దారి ఉండదు, కాబట్టి దానితో ఆండ్రాయిడ్ ఆటో రాదు. మీ తెర పోర్టు కూడా రెండున్నర వాట్ల రకమే అయితే, వైరుతో నడిచే ఆండ్రాయిడ్ ఆటోను వైర్‌లెస్‌గా మార్చే చిన్న పరికరం దొరుకుతుంది. దాన్ని తెర పోర్టుకు పెట్టి, ఫోనును మాత్రం సాకెట్ ఛార్జర్‌కు తగిలించండి. కొనే ముందు మీ కారు మోడల్‌కు పనిచేస్తుందో లేదో అడిగి తెలుసుకోండి. అంత ఖర్చు వద్దనుకుంటే, మ్యాప్ తెర మీదే కనిపిస్తుంది కాబట్టి ఫోను తెర ఆర్పేసుకోండి. శాతం నిలకడగా ఉండడానికి చాలాసార్లు అదే చాలు.

అంగడి కడప (కడప)

బురుజు గారూ, ఇక మీ ఛార్జర్ సంగతి. టైప్-సి పోర్టు ఒకటి, పీడీ, పీపీఎస్‌తో కనీసం 30 వాట్లు. యూఎస్‌బీ-ఎ పోర్టు ఒకటి, 18 వాట్ల క్విక్ ఛార్జ్ 3.0తో. ఈ రెండూ ఉన్నది చూడండి. ఇంకో సి పోర్టు కూడా ఉంటే మీ ఆవిడగారి ఐఫోన్ మీ ఫోనుతో పోటీ పడాల్సిన పనిలేదు. డబ్బా మీద 65 వాట్లు అని ఉంటే అది ఒక్క పోర్టుదా, అన్నీ కలిపిందా అడగండి. 45, 20 కలిపి 65 అని రాసేవే ఎక్కువ.

అసలైన మోసం ఇంకొకటి ఉంది. కొన్ని ఛార్జర్లలో రెండు పోర్టులకూ లోపల ఒకటే సర్క్యూట్. ఒక్క ఫోను పెడితే 9 వోల్టులు ఇస్తుంది, రెండోది పెట్టగానే రెండింటినీ 5 వోల్టులకు దింపేస్తుంది. ఇది డబ్బా మీద ఉండదు. అంగడిలోనే రెండు ఫోన్లు పెట్టి చూడండి. రెండోది పెట్టినప్పుడు మొదటిదాని ఛార్జింగ్ ఒక క్షణం ఆగి మళ్లీ రావడం మామూలే, భయపడకండి. అలా వచ్చాక 'సూపర్ ఫాస్ట్' అన్న మాట మళ్లీ కనిపిస్తోందా లేదా అన్నదే చూడాలి.

పత్తి బండి (ఆదోని)

రేడియో పెడితే ఛార్జర్ తగిలించినంతసేపూ గీరమన్న చప్పుడు వస్తోంది. ఇది కూడా ఛార్జరేనా?

అంగడి కడప (కడప)

ఛార్జరే. తీసేస్తే చప్పుడు ఆగిపోతే సందేహమే అక్కర్లేదు. వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ వేగంగా ఆగుతూ మొదలవుతూ ఉంటుంది, దాని రొద రేడియోలోకి రాకుండా ఆపే భాగాలను చవక రకాల్లో ఖర్చు మిగుల్చుకోవడానికి పెట్టరు.

బురుజు పక్కనే (కర్నూలు)

మొన్న కొన్నాను. సి పోర్టు 45 వాట్లు, పీపీఎస్ పరిధి డబ్బా మీద ఉంది. ఎ పోర్టు 18 వాట్లు. అంగడి కడప గారు చెప్పినట్టే అక్కడే నా ఫోనూ అబ్బాయి ఫోనూ పెట్టి చూశాను. అంగడతను కొంచెం విసుక్కున్నాడు. నాది ఒక్కసారి ఆగి మళ్లీ 'సూపర్ ఫాస్ట్' చూపించింది, కాబట్టి తీసుకున్నాను. స్టాండు ఏసీ జాలీకి మార్చాను. నిన్న మధ్యాహ్నం ఎండలో మ్యాప్ పెట్టుకుని బయలుదేరితే అమకతాడు టోల్‌గేటు దాటేలోపే శాతం పైకి కదలడం మొదలైంది. అబ్బాయి మాత్రం వాడి ఫోను తెర మీద సూపర్‌వూక్ బొమ్మ రాలేదని మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఐఫోన్ కోసం సి నుంచి లైట్నింగ్ కేబుల్ ఇంకా కొనాలి.

మిగిలిన అనుమానాలు రెండు. బండి ఆపేశాక ఛార్జర్‌ను సాకెట్‌లోనే ఉంచితే బ్యాటరీ దిగిపోతుందా? సాకెట్ మూత మీద 120 వాట్లు అని ఉంది, అంటే రెండు పెద్ద ఛార్జర్లు కూడా పెట్టుకోవచ్చా?

గుత్తికోట (అనంతపురం)

తాళం తీశాక ఛార్జర్ దీపం ఆరిపోతే మీ సాకెట్ తాళంతోపాటే ఆగే రకం, ఉంచేయవచ్చు. దీపం వెలుగుతూనే ఉంటే సాకెట్‌కు ఎప్పుడూ కరెంటు ఉన్నట్టు. ఒక రాత్రికి ఏమీ కాదు గానీ, బండిని వారాల తరబడి వదిలి ఊరెళ్లేటప్పుడు తీసేయండి, అందులోనూ బ్యాటరీ పాతదైతే.

120 వాట్లు అంటే 12 వోల్టులకు 10 ఆంపియర్లు. 65 వాట్ల ఛార్జర్ తనలో పోయే వేడితో కలిపి దాదాపు 70 వాట్లు లాగుతుంది. సాకెట్‌ను రెండుగా చీల్చే పిల్ల సాకెట్ పెట్టి అలాంటివి రెండు నడిపితే హద్దు దాటినట్టే, ఫ్యూజు పోవచ్చు. ఫ్యూజు పోయిందని పెద్ద ఆంపియర్లది వేయించకండి. అది కాపాడేది ఛార్జర్‌ను కాదు, డాష్‌బోర్డు వెనక ఉన్న తీగలను. మీరు కొన్నదానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

వేగమే ప్రాణం (ప్రొద్దుటూరు)

బురుజు అన్నా, మీ అబ్బాయికి చెప్పండి, ఇంట్లో ఉన్న ఎర్ర కేబులే కారులో కూడా పెట్టుకోమనండి. బొమ్మ రాకపోయినా ఆ కేబుల్‌లో తీగ లావు కాబట్టి నష్టం తక్కువ.

అంగడి కడప (కడప)

నిజమే. మీ నాన్నగారి మైక్రో యూఎస్‌బీ కేబుల్ కూడా పొట్టిదే కొనండి. వెనక సీటు దాకా సాగాలని మూడు మీటర్ల సన్న కేబుల్ కొంటే 5 వోల్టుల్లో కొంత దారిలోనే పోతుంది, 10 వాట్ల ఫోనుకు అదే పెద్ద దెబ్బ. ఆయన ముందు సీటులో కూర్చుంటే మీటరు కేబుల్ సరిపోతుంది.